బాలింత ఆయాసమే అనుకున్నాం

పాప పుట్టి మూడు వారాలు దాటాక ఒక రోజు తలస్నానం చేసి వచ్చి, జుట్టు తుడుచుకునే ఓపిక లేక మంచం మీద కూలబడ్డాను. ఒకటే ఆయాసం. గురుగ్రామ్‌లో ఆరో అంతస్తులో ఉంటాం. నిండు నెలల్లో లిఫ్టు పాడై మెట్లెక్కినప్పుడు కూడా ఇంతగా రొప్పలేదు. పురుడు పోయడానికి కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ సాంబ్రాణి ధూపం పడుతూ, "పచ్చి బాలింతవి, ఆయాసం రాదేంటే?" అంది.

తర్వాత దగ్గు పట్టుకుంది. నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల దగ్గనివాళ్ళెవరు? మా ఆయన గాలి బాగాలేదని ఎయిర్ ప్యూరిఫయర్ కొనుక్కొచ్చారు. అమ్మ మాత్రం నేరమంతా నా చెవుల మీద మోపింది. "దూది పెట్టుకోమంటే వింటావా? చలిగాలి దూరింది." పెట్టుకున్నాను. దగ్గు తగ్గలేదు. పాదాలు బూరెల్లా పొంగితే, బాలింత నీరంది. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. పాపకు పాలివ్వడానికి వీలుగా ఉందిలే అని అందరం సరిపెట్టుకున్నాం.

టీకాలకు వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు గారు పాప నిద్ర గురించి అడిగారు. జవాబు చెబుతూ ఊపిరి అందక మధ్యలో ఆగిపోయాను. ఆవిడ రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, "ఔర్ ఆప్? మీరెలా పడుకుంటున్నారు?" అన్నారు.

"కూర్చుని," అన్నాను. పాపకు సూది వేయకముందే నన్ను వీల్‌చైర్‌లో ఎమర్జెన్సీకి పంపేశారు.

ఈసీజీ, ఎక్స్‌రే, గుండెకు స్కానింగ్ లాంటి ఎకో అయ్యాయి. కార్డియాలజిస్టు "పెరిపార్టమ్ కార్డియోమయోపతీ" అన్నారు. కాన్పుకు ముందో వెనకో కొందరు ఆడవాళ్ళకు గుండె కండరం బలహీనపడే జబ్బట. "ఎజెక్షన్ ఫ్రాక్షన్ ట్వంటీ ఫైవ్. గుండె కొట్టుకున్నప్పుడల్లా సగానికి పైగా రక్తాన్ని బయటకు తోయాలి. మీది పావువంతే తోస్తోంది."

నేనడిగింది ఒక్కటే. "నా పాపను నేను పెంచుకోగలనా?"

"చాలామంది కోలుకుంటారు. మందులు మానకండి, టైమివ్వండి," అన్నారు. తప్పకుండా అని మాత్రం అనలేదు.

ఐసీయూలో డయూరెటిక్ ఇంజెక్షన్లతో ఒంట్లో నీరు దిగింది. మందుల వల్ల పాపకు పాలివ్వడం ఆపేయమన్నారు. రొమ్ములు సలుపుతూ పాలు బట్టలు తడిపేస్తుంటే, ఇంట్లో పాప డబ్బా పాలు తాగుతోందని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ బాధ నాకింకా పోలేదు.

డిశ్చార్జి చేస్తూ ఉప్పు బాగా తగ్గించమన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు. నీళ్ళ మాట వినగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "బాలింత నీళ్ళెక్కువ తాగకూడదని నేనంటే నవ్వావు!" ఉప్పు దగ్గరే ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. చప్పిడి తిండి బాలింతకెలా పెడతానని, పత్యం వెల్లుల్లి కారంలో గుట్టుగా ఉప్పు వేసేసింది. వారం తిరక్కుండా మళ్ళీ వాపు, మళ్ళీ ఆస్పత్రి. ఆ తర్వాత అమ్మ నాతో పాటు తనూ చప్పిడి కూరలే తినసాగింది. ఎందుకమ్మా అంటే, "నీకు సయించింది నాకు సయించదా?" అనేది.

పాపకిప్పుడు మూడేళ్ళు. నేను తెలుగులో పిలిస్తే "ఆ రహీ హూఁ, మమ్మా" అంటూ పరిగెత్తుకొస్తుంది. నా ఎజెక్షన్ ఫ్రాక్షన్ యాభై దాటింది. ఆఫీసుకు వెళ్తున్నాను. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పేదాకా మానను.

నేను చెప్పగలిగింది ఇదొక్కటే. కాన్పు దగ్గరపడ్డాక గానీ, అయ్యాక గానీ, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తోందంటే, ఇంట్లోవాళ్ళు దానికి ఏ పేరు పెట్టినా ఆగకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి, గుండెకు ఎకో తీయమని మీరే అడగండి.

ఇంకో కాన్పు ప్రమాదమన్నారు. నాకు ఇద్దరు పిల్లలు కావాలని ఎంతో ఉండేది. మొన్న వీడియో కాల్లో మా మేనత్త, "ఒక్క ఆడపిల్లతో సరిపెట్టేస్తావేంటే?" అంది. మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఉన్న అమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది.

"నాకున్నదీ ఒక్క ఆడపిల్లే వదినా. అది బతికుంది, నాకు చాలు."