కోదాడ మీటింగులో అమ్మ

అమ్మ తాగుతుందని బయట ఎవరికీ చెప్పుకోలేకపోయేదాన్ని. నాన్న తాగితే చెప్పుకోవడానికి ప్రతి వాడలో ఎవరో ఒకరు తోడు దొరుకుతారు. అమ్మ తాగితే ఎవరూ దొరకరు.

పెన్‌పహాడ్ దగ్గర మా ఊళ్లో నాట్లకు పోయే ఆడవాళ్లు సాయంత్రం కల్లు తాగడం కొత్తేమీ కాదు. నడుములు విరిగే పని. అమ్మ కూడా తాగేది, నవ్వుకుంటూ ఇంటికొచ్చి వండిపెట్టేది. నాన్న పోయాక కల్లు చాలలేదు. బెల్టు షాపు నుంచి సీసాలు రావడం మొదలైంది. పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే పక్కనే స్పృహ లేకుండా పడి ఉందని ఒక రోజు పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. వెళ్లి ఆమెను నా దగ్గరికి తెచ్చుకున్నాను.

పొద్దున లేస్తే చేతులు వణికేవి. టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ మందులు రాసి, "వీటితోటి వణుకు తగ్గుతది గానీ మనసు మారదమ్మా. తాగుడు మానినోళ్లు కలిసి కూసొని మాట్లాడుకునే మీటింగులుంటయ్. గాడికి తీస్కపో" అంది. అవి ఎక్కడుంటాయో ఆమెకూ సరిగా తెలియదు.

ఫోన్‌లో వెతికితే ఒక నంబరు దొరికింది. హైదరాబాదు నుంచి ఒకాయన మాట్లాడాడు.

"మీ ఆయనకా అమ్మా?"

"కాదు సార్. మా అమ్మకు."

"అమ్మకా?" అని మళ్లీ అడిగాడు. తర్వాత, మిర్యాలగూడలో ఆదివారం ఒక బడిలో కూర్చుంటారని విన్నానని చెప్పాడు.

ఎక్కడికి పోతున్నామో అమ్మ దగ్గర దాచలేదు. ఆమె ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కింది. తీరా వెళ్తే బడి గేటుకు తాళం. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమె, "వాళ్లు రాక శానా రోజులాయె. నడిపించే సారు ట్రాన్స్‌ఫరై పోయిండు" అంది.

"ఇగ పోదామా?" అంది అమ్మ. ఆమె మొహంలో బరువు దిగినట్టు కనిపించింది.

తిరిగి వస్తుంటే నేరేడుచర్లలో బస్సు కాసేపు ఆగింది. ఒంటికి పోయి వస్తానని అమ్మ దిగింది. వచ్చి పక్కన కూర్చోగానే మందు వాసన. నేను కిటికీ వైపు తిరిగాను. బస్సు కదిలాక ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మళ్లీ ఫోన్ చేస్తే ఆ హైదరాబాదాయనే కనుక్కుని, కోదాడలో మాత్రం నడుస్తోందని చెప్పాడు. తర్వాతి ఆదివారం పోయాము. చర్చి వెనక చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు. అందరూ మగవాళ్లే. నడిపించే పెద్దాయన లేచి, "రండమ్మా, కూర్చోండి. ఇక్కడ అందరం ఒకటే" అన్నాడు.

ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటున్నారు. ఆటో నడిపే ఒకతను, "నేను బయటికి పోకుండా మా ఆవిడ నా చెప్పులు దాచేసేదండీ. ఎండలో కాళ్లు కాలినా వట్టి కాళ్లతోనే పోయేవాణ్ణి" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆమె నవ్వు విని ఎన్నాళ్లయిందో. నాకు ఆశ పుట్టింది.

అమ్మ వంతు వచ్చింది. లేచి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"నాకు నడుము బాగ నొస్తుండె. గదే మొదలు..."

అప్పుడే తలుపు తీసుకుని ఒకతను లోపలికొచ్చాడు. మా ఊరివాడే. నాట్లకు కూలీలను ట్రాక్టరు మీద తీసుకుపోయే మనిషి. మమ్మల్ని చూసి గడప మీదే ఆగిపోయాడు.

"అత్తా, నువ్వా?"

అమ్మ కూర్చుండిపోయింది. ఇక్కడి మాట ఈ గది దాటదని పెద్దాయన చెప్పాడు. అతను కూడా దగ్గరికొచ్చి, "నేనెవ్వలకు జెప్ప అత్తా. నేను గూడ గందుకే వస్తున్న" అన్నాడు. నిజంగానే చెప్పేవాడు కాదనిపించింది నాకు. కానీ అమ్మ తల ఎత్తలేదు. మీటింగు అయిపోయేదాకా కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ కూర్చుంది.

తిరుగు బస్సులో అమ్మ అంది.

"మొగోడు తాగి మానితే మంచోడైండంటరు బిడ్డా. నేను మానినా తాగుబోతు ముసల్దాన్నే. నన్నిగ గాడికి తీస్కపోకు."

కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మా ఊళ్లో ఎవరేమంటారో నాకు తెలుసు. కాదంటే అబద్ధమే అవుతుంది.

ఆ తర్వాత ఆమె మళ్లీ మీటింగుకు రాలేదు. కొన్నాళ్లు మందులు వేసుకుని బాగుంటుంది, కూర వండుతుంది, నా జడ అల్లుతుంది. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి మంచం కింద పడి ఉంటుంది. ఇంటివాళ్లు కూడా రావచ్చని పెద్దాయన అనడంతో కోదాడకు నేనొక్కదాన్నే పోతున్నాను. వాళ్లు చెప్పేవి వింటాను. నా వంతు వస్తే, వినడానికి వచ్చానంటాను.

మొన్న ఆదివారం బయలుదేరుతూ, "నువ్వు గూడ రా అమ్మా" అన్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది. తాళం వేసి పోతే, లోపల ఆమెకు ఏమన్నా అయితే ఎలా? వేయకుండా పోతే వైన్ షాపు సందు చివరే ఉంది. తాళం చేతిలో పట్టుకుని గడప మీద నిలబడ్డాను. కోదాడ బస్సు వెళ్లిపోయే వేళయింది.