గంజినీళ్ల ప్రశ్న

మా క్యాథలిక్ గుడి ఉపదేశి గారు పోయారు. నేను పొలంలో ఉండగా ఆయన కోడలు గట్టు మీద నిలబడి కేక వేసి చెప్పింది. నా నోట వచ్చిన మొదటి మాట, "స్వామోరు వచ్చి నూనె పెట్టినారా?" అని. పెట్టలేదు. బళ్లారి నుంచి గురువు, అదే మా స్వామోరు, మోక ఊళ్లో బస్సు దిగి మా ఊరు చేరేసరికే అంతా అయిపోయింది. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా గురువు కోసం పరుగెత్తిన మనిషి, తన వంతుకు, పోయేవాళ్ల నుదుట గురువు నూనె రాసి జపించే ఆ చివరి అభ్యంగనం లేకుండానే వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు కుదురు లేదు.

గురువు రాని వారాల్లో గుడిలో జపాలు చెప్పించి, మాకు సత్యోపదేశం నేర్పింది ఆయనే. వయసులో ఉండగా గురువు కావాలని గురువిద్యాలయంలో లాటిన్ చదివి, జబ్బు చేసి మధ్యలో వచ్చేశారు. మనిషి స్వభావం ఎంత చెడింది, బుద్ధి ఎంత దూరం పోతుంది, దేవుడు ఊరికే ఇచ్చే వరప్రసాదం ఎక్కడ అందుకుంటుంది అని వందల ఏళ్ల కిందట ఐరోపా మఠాల్లో సన్యాసులు వాదించుకున్నదంతా ఆయనకు కంఠతా వచ్చు. పాఠం చెప్పే పద్ధతీ వాళ్లదే. తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, "ముందు కాదను మా. కాదనేదానికి ఏమేం కారణాలుండాయో అన్నీ చెప్పు. ఆ పైన అవునందువు గాని. తీర్పు ఆఖర్న" అనేవారు. పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లం దేవుణ్ణి కాదనడానికి జంకితే నవ్వేవారు. "బుద్ధి ఆయనిచ్చిందే కదా, వాడితే కోపమేంది?"

తుంగభద్ర కాలువ తవ్వుతున్న రోజుల్లో నా తొలిచూలు బిడ్డ పుట్టీపుట్టగానే నీలం తిరిగిపోయింది. కాన్పు చేసిన మంత్రసాని అవ్వ క్రైస్తవురాలు కాదు. అయినా బిడ్డ దక్కదనుకుంటే ఎవరైనా సరే తల మీద నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చని ఉపదేశి గారు ఆమెకు ముందే నేర్పి పెట్టారు. అవ్వ చెప్పాల్సిన మాటలన్నీ సరిగ్గానే చెప్పింది. కంగారులో చేతికందిన చెంబు ఎత్తి పోసింది. ఊపిరి ఆగాక చూస్తే బిడ్డ తల మీద మెతుకు. చెంబులో ఉన్నది గంజి.

గంజి నీళ్ల కిందికి వస్తుందా? నవ్వకండి. నా బిడ్డ దేవుడి దగ్గరికి చేరిందా లేదా అన్నది దాని మీదే ఉందనుకుని నేను అన్నం మానేశాను. ఉపదేశి గారు వచ్చి అరుగు మీద కూర్చుని తువ్వాలు మడిచారు.

"పల్చగుండెనా, చిక్కగుండెనా?" అని అవ్వను అడిగారు.

"నాకేం తెలుసప్పా, నా కండ్లు బిడ్డ మీదుంటే" అని ఆమె ఏడ్చింది.

ఆయన ముందు కాదన్నారు. నీళ్లు ఇంకో పదార్థంగా మారిపోతే ఆ స్నానం చెల్లదని సన్యాసులు అన్నారట. తర్వాత అవునన్నారు. నీళ్ల గుణం మిగిలితే చెల్లుతుందట. ఇక తీర్పు చెప్పాలి. మడిచిన తువ్వాలు విప్పి మళ్లీ మడిచారు.

"నిలిపినావేందయ్యా?" అన్నాను.

"నా బుద్ధి ఈడికే వస్తాది మా. స్నానాలు, నూనెలు మనకు పెట్టిన నియమాలు, దేవుడి చేతులు కట్టేసేటివి కావు. నమ్ముతాండా. తెలుసునని మాత్రం చెప్పలేను."

ఒళ్లు మండింది. అబద్ధమైనా చెప్పవచ్చు కదా అనిపించింది. కానీ జ్ఞానస్నానం లేనివాళ్లకు కంచె బయటే చోటని ఎవరేమనుకున్నా, ఆయన బిడ్డను సమాధుల దొడ్డిలో కంచె లోపలే పెట్టించారు. ఏటా సమాధుల పండుగకు ఆ చిన్న దిబ్బ దగ్గర నిలబడేవారు. అప్పుడు ఆయన మొహంలో నిబ్బరం ఉండేది కాదు, నా దిగులే ఉండేది. అది నా ఒక్కదానిదే కాదని తెలిశాకే నేను మళ్లీ మనిషినయ్యాను. అందుకు ఆయనకు నా జన్మంతా రుణపడి ఉంటాను.

ఆయనను మట్టిలో పెట్టిన రోజు, ఆయన దేవుడి దగ్గరికి చేరారా అంటే నేనూ ముందు కాదన్నాను. నూనె లేదు, గురువు లేడు, చివరిసారి గురువుకు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లేదు. దేవుడి చేతులు ఎవరూ కట్టేయలేదు కదా అని తర్వాత అవునన్నాను. తీర్పు నాకూ రాలేదు.

అందరూ మట్టి వేసి వెళ్లాక మంత్రసాని అవ్వ వచ్చింది, చేతిలో చెంబుతో. తిన్నగా నా దగ్గరికి వచ్చి చెంబు నా మొహం ముందు పెట్టింది.

"బాగా చూడు మా. తేట నీళ్లే కదా?"

చూశాను. చెంబు అడుగు కనబడుతోంది.

"తేటే అవ్వా."

సగం ఆయన సమాధి మట్టి మీద పోసింది. మిగతా సగం కంచె వారనున్న చిన్న దిబ్బ మీద పోసింది. నల్లరేగడి రెండు చోట్లా ఒకేలా పీల్చుకుంది.