బొమ్మ మీద కప్పిన చున్నీ

పదహారేళ్లుగా కడపలో నర్సింగ్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. నా నోరు కొంచెం పెద్దది. పిల్లలు నన్ను చూసి వణికితేనే పాఠం ఒంటబడుతుందని నమ్మినదాన్ని. అందుకే, బొమ్మలను రోగులుగా పెట్టి నేర్పించే టీచర్లకు ఆన్‌లైన్ శిక్షణ అంటూ కాలేజీవాళ్లు నా పేరు పంపినప్పుడు ఒళ్లు మండింది. బెంగళూరు నుంచి క్లాసు తీసుకునే ఆమె నాకంటే పదేళ్లు చిన్నది. ఆమె నాకు నేర్పేదేమిటి?

రెండో వారంలో, ఎవరి క్లాసు వీడియో వాళ్లు పంపమన్నారు. రెండేళ్ల కిందట ఇన్‌స్పెక్షన్ కోసం తీయించినది ఒకటి ఉంటే పంపాను. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలపడం నేర్పే పాఠం. అందులో నేను బాగా చెప్పానని నా ధీమా.

ఆ వీడియోలో, జమ్మలమడుగు వైపు నేత కుటుంబం నుంచి వచ్చిన పిల్ల బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఛాతీ మీద బట్ట తొలగించి వెంటనే నొక్కాలి. ఆ పిల్ల బట్ట తొలగించి, తన చున్నీ తీసి బొమ్మకు కప్పి, చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు చేతులు ఆనించింది. "బొమ్మకు సిగ్గేందే? నువ్వు సింగారించేలోపల మనిషి పోయె!" అని అరిచాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మరుసటి వారం ఆ పిల్ల హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఈ కాలం పిల్లలు ఒక్క మాట పడరని స్టాఫ్‌రూంలో తీర్పు చెప్పింది కూడా నేనే.

బెంగళూరు ఆమె వీడియో ఆపింది. "తప్పు దిద్దే ముందు, అలా ఎందుకు చేశావమ్మా అని అడగాలి. అడిగారా మేడం?" అంది. తెర మీది ముఖాలన్నీ నా వైపే చూస్తున్నాయి. లేదన్నాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆ పిల్ల పాత దరఖాస్తులో నంబరు వెతికి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే "బాగుండారా మేడం?" అంది. వెనక వినిపిస్తున్న మగ్గం చప్పుడు ఆగింది. ఆ రోజు బొమ్మకు చున్నీ ఎందుకు కప్పావని అడిగాను.

"ఆస్పత్రిలో మాయమ్మకు గుండె నొక్కేటప్పుడు రవిక చించేసినారు మేడం. పరదా గూడా లాగలా. మా ఊరి మొగోళ్లంతా సూస్తాండ్రి. మాయమ్మ ఎప్పుడూ కొంగు జారనీలా. అట్లే పాయె. ఆ పొద్దు క్లాసులో నాకు మాయమ్మే కనపడె."

నాకు ఏడుపు ఆగలేదు. తప్పు చేశానమ్మా అన్నాను. మళ్లీ వచ్చి చేరు, ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను అన్నాను.

"ఇంగ యాడొస్తా మేడం, ఇంట్లో నేసేది నేనొక్కదాన్నే" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆ పొద్దే అడిగింటే చెప్పింటా గదా మేడం" అంది.