ఫస్టు వచ్చినందుకు స్వెట్టరు

అర్ధసంవత్సర పరీక్షల్లో పదో తరగతికంతా నేనే ఫస్టు వచ్చాను. చిత్తూరులో మా తాత స్థలమిచ్చిన బడి అది. ఆ డిసెంబరులో ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు నన్ను పిలిచి, ఒక బట్టల కొట్టువాళ్లు బీద విద్యార్థులకని పంపిన స్వెట్టర్లలో ఒకటి చేతిలో పెట్టారు. మార్కుల మాట ఎత్తలేదు. నేను నిటారుగా నిలబడి తీసుకున్నాను. సిగ్గు కూడా వేయలేదు.

ఇంట్లో నాయన దాన్ని తిప్పి చూశాడు.

“యాడిదిరా ఇది?”

“ఫస్టు వచ్చినానని ఇచ్చినారు నాయనా.”

“ఇయ్యరా మరి? మన ఇంటి పిల్లోడికి కాక ఇంకెవరికిస్తారు? ఉండు, అయివారికి ఒక మాట చెప్పొస్తా.”

ఇస్త్రీ పంచె కట్టుకుని ఆయన బడికి బయలుదేరాడు. వీధి మలుపు దాకా నాకు కనిపిస్తూనే ఉన్నాడు. పిలిచి నిజం చెప్పవచ్చు. నేను పిలవలేదు.