నాగడి పేరు పెట్టిన నిమ్మకాయ

2005 దసరా సెలవుల్లో మత్తిగిరి ఇంట్లో మనవడు రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకు కిట్‌ను అతికిస్తున్నాడు. ఆ జిగురు వాసనకు నా మొదటి ట్యాంకు గుర్తొచ్చింది.

అది జొన్నబెండుది. బర్మా యుద్ధంలో ట్యాంకు నడిపి రాయకోటకు తిరిగొచ్చిన చిన్నాయన కొలతలు చెప్పి నాచేత చేయించాడు. పెదనాయన కొడుకు నాగడు దాన్ని కావాలనే కాలితో నలిపి, "ఇదేం ట్యాంకురా, దీని కింద ఎలక గూడా చావదు" అని నవ్వాడు.

మళ్లీ చేశాను. ఈసారి దాని కడుపునిండా గులకరాళ్లు నింపాను. ఆయుధపూజనాడు చిన్నాయన తన సైకిలు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాడు. కాయకు ఎవరి పేరు పెడితే వాళ్లు చస్తారనుకున్నాను. బాగా మాగిన కాయకు నాగడి పేరు పెట్టి, ట్యాంకును దాని మీదికెక్కించి అదిమాను. రసం చిమ్మింది. నాగడు మాత్రం గుగ్గిళ్లు నములుతూ ఎదురుగా వచ్చాడు. కసిగా ఇంకో కాయ తీశాను.

"ఎవర్ని తొక్కిస్తా ఉండావప్పా?" అన్నాడు చిన్నాయన.

"నాగడిని. వాడు చచ్చేదాకా తొక్కిస్తా."

చిన్నాయన ట్యాంకుకు అంటిన రసాన్ని వేలితో తుడిచాడు.

"నీకు పేరన్నా తెలుసు. నేను తొక్కించినోళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలీదప్పా."

పాపం, చిన్నాయనకు మతిమరుపు అనుకున్నాను. రెండో కాయనూ తొక్కించాను.