పత్తి మింగిన చప్పుడు

మొన్న అద్దెకు ఇల్లు చూడబోయి, ఖాళీ హాలు నడుమ నిలబడి గట్టిగా ఓ చప్పట చరిచాను. చప్పుడు గోడలకు తగిలి గణగణమంటూ నా చెవికే తిరిగొచ్చింది. ఇంటాయన కంగారుపడి, "ఎవర్నన్నా పిలుస్తున్నారా అండీ?" అన్నాడు. "మా గురువుగారినండీ" అన్నాను. ఆయన గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

గురువుగారంటే మస్తాన్ గారు. చీరాలలో రేడియోలు బాగుచేసేవారు. ఆయన దగ్గర మూడేళ్లు పనిచేసి నేను బాగా నేర్చుకున్నది తల ఊపడం. ఎవరైనా వచ్చి "మా రేడియో గొంతు తేనె, పక్కింటివాళ్లది తారు" అంటే ఊపేవాణ్ణి. నాకు మాత్రం రెండూ వార్తలే చదివేవి. పెళ్లిళ్లలో మైకు బాకాల పక్కన పడుకుని చెవులు పోగొట్టుకున్నానని నమ్మకం కుదిరింది. చెవుల్లేని రేడియో మెకానిక్కు కన్నా ముక్కు పనిచేయని మిర్చి వ్యాపారి నయం. వాడికి తుమ్ములైనా ఉండవు. సంగతి బయటపడితే మళ్లీ మా నాన్న పొగాకు కాల్చే బ్యారన్‌లో పొయ్యికి కట్టెలు ఎగదోయడమే.

ఒక వేసవిలో పర్చూరు దగ్గరి రైతు కోటయ్య గారు రేడియో తెచ్చారు. స్పీకరు కాగితం చిరిగితే నేనే అతికించాను. తీసుకెళ్లిన మర్నాడే, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొచ్చారు.

"ఏం చేశావయ్యా దీన్ని? మూకుడు మీద గరిటెతో కొట్టినట్టుంది!"

మస్తాన్ గారు కొట్లోనే దాన్ని పెట్టి, "ఎట్లా ఉందిరా?" అని నన్నడిగారు. అలవాటుగా ఊపాను.

"ఊపటం కాదు, నోటితో చెప్పు."

"మొన్నటిలాగే ఉందండీ. నా చెవులు పోయాయండీ" అనేశాను. ఇక గెంటేస్తారని చొక్కా కూడా సర్దుకున్నాను. ఆయన తాపీగా ముక్కుపొడుం పీల్చి, "ఆయన విన్నదీ నిజమే, నువ్వు విన్నదీ నిజమే అయితే రేడియో తప్పు కాదు. పదండి, మీ ఇల్లు చూద్దాం" అన్నారు.

కోటయ్య గారి హాల్లో ఆయన రేడియో ముట్టుకోలేదు. ఒక్క చప్పట చరిచారు. గోడలన్నీ బదులిచ్చాయి.

"ఇక్కడ ఏముండేదండీ?"

"పత్తి. ధర వస్తుందని దూలాల దాకా పోశాం. రేడియో మీ దగ్గరున్నప్పుడే బండ్లకెత్తి అమ్మకానికి తోలేశాం. నేను రేడియో సంగతి అడిగితే పత్తి సంగతి అడుగుతావేంది?"

"ఇన్నాళ్లూ దాని అరుపులు ఆ పత్తి మింగింది. ఇప్పుడు గోడలు తిరిగి అరుస్తున్నాయి. బొంతలున్నాయా?"

కోటయ్య గారి భార్య గొణుగుతూ ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చింది. దండేలు కట్టి వేలాడదీశాం. రేడియో పెట్టగానే కోటయ్య గారు కళ్లు మూసుకుని, "అదిగో! అదీ మా రేడియో!" అన్నారు.

నాకూ వినబడింది. బొంతలు తీశాను, గొంతు గరుకైంది. వేశాను, మెత్తబడింది. నాలుగుసార్లు తీసి వేశాను.

"దులపాలంటే బయట దులుపు నాయనా" అందావిడ.

నా కళ్లు చెమర్చాయి. బొంతల దుమ్మన్నాను. సగం నిజమే.

తిరుగు బస్సులో అడిగాను: "మరి మూడేళ్లూ నాకు తేడా తెలియలేదేమండీ?"

"నువ్వు అన్నీ మన కొట్లోనే విన్నావు. వాళ్లు ఇళ్లల్లో విన్నారు."

"మీకు తెలిసేదా, తేనే తారూ?"

"సగం తెలిసేది కాదురా. ఎక్కడ కూర్చుని విన్నారని అడిగేవాణ్ణి. నువ్వు ఊపేవాడివి."

ఇప్పుడు నాకూ ఓ కొట్టుంది. నాకు తెలియని తేడాలు చెప్పేవాళ్లు రోజూ వస్తారు. వాళ్లను చూసి నవ్వను. ఎక్కడ కూర్చుని విన్నారని అడుగుతాను. నాకు తెలియకపోతే తెలియలేదనే చెబుతాను. మెడనొప్పి కూడా తగ్గింది.