జీడిపిక్క అంచు

చీరాలలో మార్కండేయులు మగ్గం గుంటలో కూర్చుంటే ఎదురుగా కిటికీ, ఆ కిటికీ గూట్లో ఫోను. నేసేటప్పుడు అది మోగినా ఎత్తడు. అందులో ఒక గడి నిండితే మాత్రం పేక పోగు విసిరే నాడె వదిలేసి చూస్తాడు.

ఆ గడులు నింపేవాడు గఫూర్, వేటపాలెం మనిషి. జకార్డు మగ్గానికి అట్టలు కొట్టడం అతని పని. అంచులో ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో ఆ అట్టల చిల్లులే చెబుతాయి. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద గళ్ళ కాగితం పరుచుకుని, చెరో పక్కనుంచి గీసుకుంటూ వచ్చి మధ్యలో కలిసేవాళ్ళు. కంప్యూటర్లొచ్చాక చేత్తో కొట్టే అట్టలకు గిరాకీ తగ్గింది. గఫూర్ సూరత్‌లో మిల్లు పనికి వెళ్ళిపోయాడు. ఏటా వస్తానన్నాడు. రాలేదని మార్కండేయులు ఎవరి దగ్గరా అనలేదు గానీ, అరుగు మీద ఇప్పటికీ ఒక పక్కకే కూర్చుంటాడు.

వాళ్ళిద్దరినీ మళ్ళీ ఒక కాగితం మీదికి తెచ్చింది అంచులు గీసే ఒక యాప్. చీరాలలో గడి నింపితే సూరత్‌లో కనిపిస్తుంది. ఒక వరస ఇతను, ఒక వరస అతను.

"మామిడిపిందె అందరూ నేస్తార్రా. మా ఊరి జీడిపిక్కని ఎవడైనా చీరకెక్కించాడా?" అన్నాడు గఫూర్ ఫోన్లో.

"ఎక్కిస్తే కట్టుకున్నామెకి బొబ్బలొస్తాయేమోరా!"

"రానీ. నీ చీర జన్మలో మర్చిపోదు."

నవ్వులయ్యాక గఫూర్ గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "ఈ అంచు పూర్తయిన రోజు రైలెక్కుతా మార్కండా. అట్టలు నా చేత్తోనే కొడతా. ఇంకెవడి చేతా కొట్టించబాకు."

అప్పట్నుంచీ మార్కండేయులికి ఒక్కో వరసా ఒక్కో స్టేషన్ దాటినట్టే ఉండేది. పిక్క వంపు దగ్గరికి రాగానే గఫూర్ ఆగిపోయేవాడు. "ఇక్కడ నువ్వు తిప్పు. నీ చేతికే తిరుగుద్ది" అనేవాడు. అలా సగం అంచు అయింది.

అప్పుడే ఒక పొద్దున యాప్ తెరవగానే పూల దండల మధ్య ఒక మాట వచ్చింది. 'కొత్త రూపం అందరికంటే ముందు మీకే. తీసుకుంటారా?'

వాళ్ళ పేటలో కొత్త నమూనా వస్తే మాస్టర్ వీవరు ముందుగా చేయి కుదిరిన నేతగాడికే ఇస్తాడు. అది మర్యాద. వద్దంటే పెద్దమనిషిని చిన్నబుచ్చినట్టు. ఈ యాప్ వాళ్ళెవరో తన గీతలు చూసే ఉంటారనుకున్నాడు మార్కండేయులు. భార్య మల్లేశ్వరికి చూపించాడు కూడా.

"మన సంఘం వాళ్ళు చెయ్యని సన్మానం ఫోను చేసింది. దండ దాని మెడలోనే వెయ్యి" అంది ఆవిడ.

సరేనని నొక్కాడు. రంగులు మారాయి, అంచు కొత్తగా మెరిసింది. తన వరస తను గీసి నేతలో పడ్డాడు. సూరత్ నుంచి వరస రాలేదు. మర్నాడూ రాలేదు. చివరికి గఫూరే ఫోను చేశాడు.

"ఏరా, గీయడం మానేశావా?"

"నేను గీశాను. నువ్వే కదరా మానేసింది!"

"నా దగ్గరికేమీ రాలేదు. తీరిక లేకపోతే చెప్పు మార్కండా. ఈ ముసలోడు వచ్చి నీ అరుగేం ఎత్తుకుపోడులే."

ఫోను పెట్టేశాడు. ఆ రోజు మార్కండేయులు నేసిన గుడ్డలో పేక వదులుగా పడింది. సాయంత్రం గడియారస్తంభం దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు నడిపే అఫ్రోజ్ దగ్గరికి వెళ్ళి, గఫూర్ పాత ఫోనుతో సహా సంగతంతా చెప్పాడు.

ఆమె ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పక్కాది కాదు బాబాయ్. తప్పులుంటే ముందు కొందరు వాడి చెబుతారని వదిలిన పరీక్ష సరుకు. పాతదాంతో కలవదు. ఆయన పాత ఫోనులోకి ఇది ఎక్కనే ఎక్కదు."

"ఆ ముక్క ఎక్కడ రాశాడు?"

తెర అడుగున బూడిదరంగు మీద బూడిదరంగు ఇంగ్లీషు అక్షరాలను ఆమె పెద్దవి చేసి చూపించింది.

"మా పేటలో పరీక్షకి నేసిన గుడ్డ కొసలో ఎర్రపోగు వేస్తాం అమ్మాయ్. కొనేవాడు చూసుకుని, ఇష్టమైతే తీసుకుంటాడు. లేకపోతే గట్టిది అడుగుతాడు. వీళ్ళకి ఆ పోగు దొరకలేదా?"

"వేశారు బాబాయ్. గుడ్డ రంగులోనే వేశారు."

పక్కాదానికి వెనక్కి వెళ్ళొచ్చు గానీ, కొత్తదాంట్లోకి మారిన బొమ్మ ఇద్దరి దగ్గరా చెరిగిపోతుందంది. ముందుగా దానికో ఫొటో తీసిపెట్టి, ఆ తర్వాత పాతదానికి మార్చింది. యాప్ వాళ్ళకి నాలుగు మాటలు రాయమని మార్కండేయులు పక్కనే కూర్చుని చెప్పాడు. 'పరీక్షలో ఉన్నదాని మీద పరీక్షలో ఉందని, గట్టిదాని మీద గట్టిదని తెలుగులో పెద్దగా రాయండి. నొక్కితే ఎవరికి దూరమవుతామో ముందే చెప్పండి.'

"ఎవరికి అనాలా, దేనికి అనాలా బాబాయ్?"

"ఎవరికి అనే రాయమ్మా."

ఇంటికొచ్చి ఫొటో ముందు పెట్టుకుని ఖాళీ గళ్ళలో మళ్ళీ మొదలుపెట్టాడు. గఫూర్‌కి జరిగింది చెబుతూ ఒక వాయిస్ పంపాడు. జవాబు లేదు. మల్లేశ్వరి అన్నానికి పిలవడానికి వచ్చి అతని భుజం మీంచి చూసింది. ఒక వరస ఉంది, దాని పైది లేదు. మళ్ళీ ఒకటి ఉంది, మళ్ళీ లేదు. పిక్క పిక్కలా లేదు, చినుకులు తెగిన వానలా ఉంది.

"ఫొటో నీ ముందే ఉందిగా. ఆ ఖాళీలు కూడా నువ్వే నింపితే పోలా? అంచు అయిపోద్ది, ఆయనా వస్తాడు."

"అవి వాడివి" అన్నాడు మార్కండేయులు.

ఆవిడ కంచం అక్కడికే తెచ్చి పెట్టింది.

తన వరసలన్నీ అయిపోయాక అతను మగ్గం గుంటలోకి దిగాడు. నాడె చేతిలో ఉంది, విసరలేదు. గూట్లో ఫోను వెలిగింది. అన్నిటికంటే కింది ఖాళీ వరసలో ఒక గడి నిండింది. ఆగి, ఇంకొకటి. నాలుగైదు గడులు నిండి, వంపు మొదలయ్యే చోట ఆగిపోయాయి.

ఆ వంపు తను తిప్పవచ్చు. ఫొటోలో ఎలా ఉందో తెలుసు. మార్కండేయులు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నువ్వు తిప్పు అని అడగాలి కదా వాడు. తొక్కుడు చెక్క మీద కాలు అలాగే ఆనించి, కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు.